పీట ఎక్కి చూసిన కేకు

నేను ఒక ఓవెన్‌ని. ఆ మాట అనగానే ఎర్ర అంకెలు వెలిగే నల్లటి పెట్టె, పని అయిపోగానే కుయ్యిమని అరిచే యంత్రం మీకు గుర్తొస్తే, దయచేసి దాన్ని పక్కన పెట్టండి. నేను ఆ కోవకు చెందను. నేను గుండ్రంగా ఉంటాను. అల్యూమినియం ఒళ్ళు, పైన మూత, మూత నడుమ అరచేతి వెడల్పున గాజు బిళ్ళ, రెండు పక్కలా రెండు చెవులు, వెనక ఒక తీగ. మీటలు లేవు, అంకెలు లేవు. ప్లగ్గు పెడితే వేడెక్కుతాను, పీకితే చల్లారతాను. కొత్తగా చూసినవాళ్ళు నన్ను మూత పెట్టిన కూరగిన్నె అనుకుంటారు. కరెంటు రీడింగు తీయడానికి వచ్చిన ఒకాయన హెల్మెట్ అనుకున్నాడు. నేను పట్టించుకోలేదని అబద్ధం చెప్పను. రెండు రోజులు బాధపడ్డాను.

నేను పుట్టింది సికింద్రాబాదులో ఒక రేకు కార్ఖానాలో. ఖాదర్ అనే పెద్దాయన ఒక గుండ్రటి రేకుబిళ్ళని తిరిగే యంత్రానికి బిగించి, చంకలో ఇరికించుకున్న పొడుగాటి కర్రతో మెల్లగా నొక్కుకుంటూ నా పొట్ట తయారుచేశాడు. పని అయ్యాక వేలి కణుపుతో నా మీద ఒక దెబ్బ కొట్టి, చెవి ఆనించి విన్నాడు. మోత నచ్చింది కాబోలు, తల ఊపి పక్కన పెట్టాడు. అంత శ్రద్ధగా నన్ను చేసిన ఆ మనిషి ఏనాడూ తన ఇంట్లో కేకు చేసుకుని ఎరగడు. మనుషుల్లో ఇది నాకు మొదటినుంచీ అర్థం కాని సంగతి. చేసేవాడొకడు, తినేవాడొకడు, పొగడ్తలు అందుకునేవాడు ఇంకొకడు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. నేను లోకాన్ని చూసేది ఆ గాజు బిళ్ళలోంచే. కేకు ఉబ్బిందో లేదో చూడటానికి మనుషులు నా మీదికి వంగుతారు. కాబట్టి మీ ముఖాలు నాకు కింది నుంచే తెలుసు. గడ్డాలు, ముక్కు రంధ్రాలు, ఆత్రంగా తెరిచిన నోళ్ళు. ఎంత పెద్దమనిషైనా కేకు ఉబ్బుతున్నప్పుడు నా మీదికి వంగితే చిన్నపిల్లాడి ముఖం పెడతాడు. అందుకే మనుషులంటే నాకు మొదటినుంచీ ఇష్టమే.

నన్ను మొదట కొనుక్కున్నది గుంటూరులో ఒక మిషన్ బళ్ళో ఇంగ్లీషు చెప్పే డోరతీ టీచర్. ఆంగ్లో ఇండియన్. ఒంటరి మనిషి. ప్రతి శనివారం కేకు చేసి, తను ఒక్క ముక్క తిని, మిగతాదంతా సోమవారం బడికి పట్టుకెళ్ళి పంచేది. అదే బళ్ళో కుట్టుపని నేర్పే ఎలీసమ్మ టీచర్‌కి ఆ కేకంటే ప్రాణం. అప్పట్లో ఎలీసమ్మగారింట్లో కేకు అంటే క్రిస్మసుకి ఒక్కసారే. అదీ ఇంట్లో కాదు. మైదా, పంచదార, గుడ్లు, వెన్న అన్నీ ఒక క్యానులో వేసుకుని బేకరీకి మోసుకెళ్ళి, అక్కడ ఊరంతా వరసలో నిలబడి ఉంటే తనూ నిలబడి, బేకరీవాళ్ళ పొయ్యిలో చేయించుకుని రావాలి. ఒక ఏడు ఆవిడ మోసుకెళ్ళిన పన్నెండు గుడ్ల కేకు ఇంకెవరింటికో వెళ్ళిపోయి, ఎవరిదో ఆరు గుడ్ల కేకు ఈవిడ చేతికొచ్చింది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆవిడ ఆ పోయిన ఆరు గుడ్లనీ వేళ్ళ మీద లెక్కపెడుతుంది.

డోరతీ టీచర్ ఉద్యోగం అయిపోయి బెంగళూరులో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతూ నన్ను ఎలీసమ్మ చేతుల్లో పెట్టింది.

"రెండు మాటలు మర్చిపోకు, ఎలీసమ్మా. ముందుగా వేడెక్కనివ్వు. నెయ్యి రాసి, మైదా చల్లకుండా ఇందులో ఏదీ పొయ్యొద్దు. చల్లకపోతే కేకు నీకు రాదు, దీనికే అంటుకుపోతుంది."

ఎలీసమ్మ ఆ రెండు మాటల్నీ బైబిలు వాక్యం నేర్చుకున్నంత భక్తిగా నేర్చుకుంది. నాలో పిండి పోయడానికి వేరే గిన్నె ఉండదు, నా పొట్టలోనే నేరుగా పోస్తారు. అంచేత చల్లడం తప్పదు. చేత్తో చల్లితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతోందని ఆవిడ ఒక ఉపాయం చేసింది. కుట్టు టీచర్ కదా! ఎవరి పిల్లకో బాప్తిస్మం గౌను కుట్టగా మిగిలిన పల్చటి తెల్లగుడ్డతో నిమ్మకాయంత మూట కుట్టి, దాన్నిండా మైదా పోసి, పురుగు పట్టకుండా ఒక ఎండు మిరపకాయ వేసి, నా పక్కన గోడకి మేకు కొట్టి తగిలించింది. నెయ్యి రాయగానే ఆ మూట అందుకుని నా లోపల టపటపా అద్దేది. పొగలాగా సన్నగా రాలి, అంతటా సమంగా పడేది. ఇంట్లో దాని పేరే టపటప అయిపోయింది. ఒకసారి నింపితే ఏడాదిపైన వచ్చేది.

అట్లా ముప్పై ఏళ్ళు. ఆవిడ కొడుకు విల్సన్ పుట్టినరోజులు, పదో తరగతి పాసైన రోజు, కరెంటాఫీసులో ఉద్యోగం వచ్చిన రోజు, పెళ్ళి. అన్నింటికీ నేనే. నన్ను పెట్టగానే హాల్లో ట్యూబులైటు ఒకసారి కునుకు తీసి లేచేది. సగం కేకు అయ్యాక కరెంటు పోతే ఎలీసమ్మ నా మీద దుప్పటి కప్పి, చెయ్యేసి, ప్రార్థన చేసేది. వేడి దిగకూడదని దుప్పటి, కరెంటు రావాలని ప్రార్థన. కొడుకు కరెంటాఫీసులో చేరాక ప్రార్థన మానేసి నేరుగా కొడుక్కే ఫోను చేయడం మొదలుపెట్టింది.

కోడలు సుహాసిని ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. సీసాల మీద చీటీలు చదవకుండా ఏదీ ముట్టుకోని మనిషి. అత్తగారు గుప్పెళ్ళతో కొలిచి పోస్తుంటే ఆమెకి ఒళ్ళు జలదరించేది. అయినా అత్తాకోడళ్ళకి ఎప్పుడూ పెద్ద గొడవ రాలేదు. వాళ్ళిద్దరి మధ్యా నా కేకు ఉంది మరి.

వాళ్ళింట్లో పుట్టిన పిల్ల పేరు జెమీమా. అందరికీ జెమ్మీ. కేకు పెట్టగానే ఆ పిల్ల వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి, చెక్కపీట ఈడ్చుకొచ్చి నా గట్టు కింద వేసుకుని, దానిమీద ఎక్కి, మునివేళ్ళ మీద లేచి నా గాజులోకి చూసేది. నాకు ముందు జుట్టు కనిపించేది, తర్వాత నుదురు, ఆ తర్వాత రెండు కళ్ళు. అక్కడితో సరి. ముక్కు ఎప్పుడూ కనిపించేది కాదు. నాలుగేళ్ళప్పుడు కళ్ళ దాకా కనిపించింది. ఐదేళ్ళప్పుడూ కళ్ళ దాకానే. ఆరేళ్ళొచ్చినా అవే కళ్ళు, అంతే ఎత్తున.

ఎలీసమ్మ మనవరాలికి గౌను కుడితే కింద నాలుగు వేళ్ళ వెడల్పున మడత పెట్టేది. పిల్ల ఎదిగేకొద్దీ మడత విప్పుకోవచ్చని. రెండేళ్ళయినా ఒక్క గౌనుకీ మడత విప్పే పని పడలేదు. చేతులు పుల్లల్లా, పొట్ట మాత్రం ఉబ్బుగా ఉండేది. అన్నం తిన్నాక ముడుచుకుని పడుకునేది. నులిపురుగుల మందు వేశారు, బలానికి టానిక్కులు తాగించారు, నూనె రాసి ప్రార్థన చేయించారు. పిల్ల మీద ప్రేమతో ఎలీసమ్మ వారానికి రెండుసార్లు కేకు చేసి పెట్టేది. తినిపిస్తే ఒళ్ళు చేస్తుందని ఆవిడ ఆశ.

చివరికి పెద్దాసుపత్రిలో రక్తం తీసి, పేగులోకి గొట్టం వేసి చూశారు. ఆ సాయంత్రం సుహాసిని వంటింటి గుమ్మంలో నిలబడి అత్తగారికి చెప్పింది.

"దానికి గోధుమ పడదంట అత్తయ్యా. గోధుమలో గ్లూటెన్ అని జిగురులాంటిది ఉంటది కదా, అది లోపలికి పోయినప్పుడల్లా పేగు చెడిపోతందంట. అందుకే తిన్నది ఒంటికి పట్టట్లా. మైదా, రవ్వ, బ్రెడ్డు ఏమీ పెట్టకూడదు. చిటికెడు కూడా. ఎప్పటికీ."

"అంటే ఇన్నాళ్ళూ..." అని ఎలీసమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నేను మర్చిపోలేను. తప్పు చేసినవాణ్ణి సాక్షి చూసినట్టు కాదు, ఇద్దరం కలిసి ఒకే తప్పు చేసినట్టు చూసింది.

పక్కింటి శేషారత్నంగారు పరామర్శకి వచ్చి ముక్కున వేలేసుకుంది. "గోధుమలు పడకపోవటమేందమ్మా! షుగరోళ్ళందరూ బతికేది వాటి మీదే గదా! డాక్టరు రాత్రిపూట చపాతీ తినమంటాడు గానీ మానమనటం నేనెక్కడా ఇన్లా."

అన్నం తినే ఇల్లు కదా, ఇదేం కష్టం అనుకున్నారు మొదట. తీరా చూస్తే గోధుమ ఇల్లంతా దాక్కుని ఉంది. ఉప్మారవ్వలో, సేమ్యాలో, బిస్కెట్లలో సరే, ఆఖరికి పులిహోరలో వేసే ఇంగువ డబ్బా మీద కూడా మైదా కలిపినట్టు రాసి ఉంది. సుహాసిని ఒక ఆదివారం చీరకొంగు దోపుకుని అలమరలన్నీ దించేసింది. డబ్బాలు ఖాళీ చేసి వేడినీళ్ళతో కడిగింది. చెక్కగరిటెలు, జల్లెడ, చపాతీపీట ఇంట్లోంచి బయటికి పంపేసింది. నన్నూ వదల్లేదు. సబ్బు, వేడినీళ్ళు, పాత బ్రష్షు పెట్టి అంచు సందుల్లో కూడా తోమింది. గిలిగింతలు పెట్టినా ఓర్చుకున్నాను. అంతా అయ్యాక నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూసి, "ఇంక ఇంట్లో గోధుమ రేణువు లేదు" అంది.

నా పక్కన మేకుకి టపటప అట్లాగే వేలాడుతోంది.

అందులో ఉన్నది మైదా అని ఆ ఇంట్లో ఎవరికి తెలియదు? అందరికీ తెలుసు. కానీ ముప్పై ఏళ్ళు గోడకి వేలాడిన వస్తువు ఎవరి కంటికీ పిండిలా కనిపించదు. మేకులాగా, స్విచ్చులాగా అదీ గోడలో భాగం అయిపోయింది. నేను చూశాను. అరుద్దామంటే నాకు ఉన్నది గాజు బిళ్ళే గానీ నోరు కాదు.

ఆ తర్వాత ఎలీసమ్మ పట్టుదల చూడాలి మీరు. మనవరాలికి కేకు లేకుండా చేయనని ఒట్టు పెట్టుకుంది. మొదట మైదా బదులు అంతే బియ్యప్పిండి పోసింది. అది కేకు కాదు, ఇటుక. రెండోది ఇసుకలా రాలిపోయింది, చెంచాతో తిన్నారు. మూడోది పైన మాడి, లోపల జావలా మిగిలింది. దాన్ని గోడ మీద పెడితే కాకి ఒకసారి ముక్కుతో పొడిచి, నా వైపు ఏదో అనేసి ఎగిరిపోయింది. విల్సన్ మాత్రం పాపం ప్రతిదీ తిని బాగుందనేవాడు. అతని మాట ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆవిడ ఆలోచించింది. అరిసెలకి తడిపిండి ఎందుకు కొడతాం? పొడిపిండికి పట్టు ఉండదు కాబట్టి. అంచేత బియ్యం నానబెట్టి, ఆరబోసి, ఇంట్లోనే మిక్సీలో కొట్టి జల్లించింది. మరలో పట్టిస్తే ముందు ఎవరి గోధుమలు పట్టారో తెలియదని మర గడప తొక్కడమే మానేసింది. జిగురుకి ఏం చేయాలా అని చూసి, సగ్గుబియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి కలిపింది. గుడ్లు చెయ్యి పడిపోయేదాకా గిలక్కొట్టింది. తొమ్మిదోసారి, నా లోపల మెల్లగా ఏదో కదిలింది. అంచుల్లోంచి పైకి లేచింది, నడుమ ఉబ్బింది, సన్నగా ఒక బీట విచ్చింది. నా ఒళ్ళంతా ఏలకుల వాసన. ఎలీసమ్మ నా మీదికి వంగి చూసి, కళ్ళజోడు మసకబారితే తుడుచుకోకుండానే "జెమ్మీ! రావే, లేచిందే!" అని కేకపెట్టింది. పీట ఈడ్చిన చప్పుడు. జుట్టు, నుదురు, కళ్ళు. ఆ రోజు ఇంట్లో నలుగురూ నిలబడే తిన్నారు, ప్లేట్లు కూడా తీయలేదు.

ఆ కేకు పోసేముందు కూడా ఆవిడ నెయ్యి రాసింది. చెయ్యి దానంతటదే మేకు దగ్గరికి వెళ్ళింది. టప, టప, టప. తెల్లటి కేకు అడుగున తెల్లటి పిండి ఎవరికి కనిపిస్తుంది?

రెండు వారాలకి పిల్ల మళ్ళీ పొట్ట పట్టుకుని ముడుచుకుంది. ప్రతి ఆదివారం కేకు, ప్రతి సోమవారం నొప్పి. బళ్ళో ఎవరి డబ్బాలోదైనా తిన్నావా అని అడిగారు. సండేస్కూల్లో బిస్కెట్టు ఇచ్చారా అని అడిగారు. పిల్ల ఏసుప్రభువు మీద ఒట్టేసి లేదంది. ఆరు నెలలకి రక్తం పరీక్ష చేస్తే, తగ్గాల్సిన అంకె ఎంత తగ్గాలో అంత తగ్గలేదు. ఇంట్లో ఎక్కడో గోధుమ తగులుతోంది, చూసుకోండి, లేకపోతే పిల్ల ఎదుగుదల ఇట్లాగే ఆగిపోతుంది అన్నాడు డాక్టరు.

సుహాసిని ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చింది.

"అత్తయ్యా, నిజం చెప్పండి. అది ఏడుస్తందని మీరేమన్నా పెడతన్నారా దానికి?"

ఎలీసమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "నేనా? నా జెమ్మీకా?"

"మరి ఎట్టా వస్తందండీ? నేను పెట్టేదాంట్లో లేదు. బళ్ళో తినట్లా. మీ చేతిది తిన్నప్పుడే దానికి వస్తంది."

కోపంగా అన్లేదు. భయంతో అంది. పిల్ల గురించి భయపడ్డ తల్లి ఎవరినైనా ఏదైనా అడుగుతుంది. కానీ ఎలీసమ్మకి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నా ప్లగ్గు పీకి, తీగ చుట్టి, మూత మీద పాత తువ్వాలు కప్పింది. ఆ తువ్వాలు రెండున్నర నెలలు తీయలేదు. నాకు మీ ముఖాలు లేని ఆ రోజులు ఎట్లా గడిచాయో చెప్పలేను. చీకట్లో వినడమే మిగిలింది. పక్కనే ఆ మూట. నాకు దానిమీద ఎంత కోపం వచ్చినా, అది మాత్రం ఏం చేస్తుంది? ఎక్కడ తగిలిస్తే అక్కడ వేలాడటమేగా దాని పని.

కేకు మానేశాక పిల్లకి నొప్పులు తగ్గాయి. ఇల్లంతా సంతోషించాల్సిన కబురు అది. సంతోషించారు కూడా. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు మాత్రం ఎలీసమ్మ పీట లాక్కుని కూర్చున్న చప్పుడు, అరచేతులు రుద్దుకుంటున్న చప్పుడు నాకు వినిపించాయి. "నా చేతిలోనే ఉందన్నమాట" అని పైకే అనుకుంది. పిల్లకి అన్నం కలిపి పెట్టడం కూడా మానేసి, ఆ పని కోడలికే వదిలేసింది. ఆ రెండున్నర నెలల చివర్లో ఒకరోజు వీధిలో పాత సామాన్లవాడి కేక వినిపిస్తే తలుపు తీసి, "వచ్చే వారం రా నాయనా, ఒకటి ఉంది" అంది. ఆ ఒకటి ఎవరో నాకు అర్థమైంది. నాకు భయం వేసింది. దానికన్నా ఎక్కువగా, ఆవిడ అట్లా అనుకుంటూనే బతికేస్తుందేమోనని దిగులేసింది.

వచ్చే వారంలోనే జెమ్మీ ఎనిమిదో పుట్టినరోజు. ఏం కావాలి అని తండ్రి అడిగాడు.

"నానమ్మ కేకు."

"బయట దొరుకుతుందిరా తల్లీ, గోధుమ లేనిది. హైదరాబాద్ నించి తెప్పిస్తా."

"ఊహూఁ. నాకు పీటెక్కి చూసే కేకు కావాలి."

సుహాసిని అంది, "సరే అత్తయ్యా. చేద్దాం. నేను పక్కనే ఉంటా. ప్రతిదీ నేను చూస్తా. ఏమనుకోవద్దు."

"చూడమ్మా. చూస్తేనే నాకూ మంచిది" అంది ఎలీసమ్మ.

తువ్వాలు తీశారు. వెలుతురు కళ్ళల్లో పడింది, ఇద్దరి గడ్డాలూ కనిపించాయి. ఎలీసమ్మ చిక్కిపోయింది. ఈసారి బియ్యప్పిండి కాదు, రాగిపిండి అంది సుహాసిని. పిల్లకి ఇనుము తక్కువగా ఉందని రాగులు తనే తెచ్చి, కడిగి, ఎండబెట్టి, మిక్సీలో కొట్టి, రెండుసార్లు జల్లించింది. పంచదార చూసింది. బేకింగ్ పౌడర్ డబ్బా తిప్పి చీటీ చదివింది. ఏలకులు వలిపించి చూసింది. పరీక్ష హాల్లో సూపర్‌వైజర్ నిలబడ్డట్టు నిలబడింది. ఎలీసమ్మ ప్రతిదీ ఎత్తి చూపించి, కోడలు తల ఊపాకే గిన్నెలో వేసింది.

పిండి కలపడం అయింది. నాకు నెయ్యి రాసింది. ఆ చెయ్యి మేకు దగ్గరికి వెళ్ళింది. నేను సుహాసిని ముఖంలోకే చూస్తున్నాను. ఇప్పుడు చూస్తుంది, ఇప్పుడు అరుస్తుంది అనుకున్నాను. టప, టప, టప. సుహాసిని కళ్ళు ఆ మూట మీదే ఉన్నాయి. చూసింది. తల కూడా ఊపింది. నాలోకి పిండి పోసి మూత పెట్టేశారు.

ఆ ముప్పావు గంట నేను ఎట్లా కాలానో నాకే తెలియదు. ప్లగ్గు దానంతటదే ఊడిపోతే బాగుండునని, కరెంటు పోతే బాగుండునని కోరుకున్నాను. ఓవెన్ పుట్టుక పుట్టి కేకు పాడైపోవాలని కోరుకున్నది నేనొక్కదాన్నేనేమో. కేకు పాడుకాలేదు. ముప్పై ఏళ్ళలో అంత చక్కగా లేచిన కేకు లేదు. పీట మీద పిల్ల కళ్ళు మెరుస్తున్నాయి.

చల్లారాక నా మూత తీసి పక్కన గోడకి ఆనించి, నన్ను పళ్ళెం మీద బోర్లించారు. కేకు మెత్తగా, నిండుగా దిగింది. ముదురు గోధుమరంగు, ఇంచుమించు నలుపు. అడుగు భాగం ఇప్పుడు పైకి వచ్చింది. పీట మీదున్న పిల్ల కళ్ళకి సరిగ్గా ఎదురుగా ఉంది. దానిమీద వేలు పెట్టి గీత గీసి, ఆ వేలు ఎత్తి చూసుకుంది. నోట్లో పెట్టుకోబోయి ఆగింది.

"నానమ్మా, కేకుకి పౌడరు రాశావేంటి?"

నల్లటి కేకు మీద తెల్లగా, సన్నగా, అంతటా సమంగా పిండి పూత.

ఎలీసమ్మ ఆ వేలు చూసింది. తర్వాత కేకు చూసింది. తర్వాత మెల్లగా తల తిప్పి గోడ మీది మేకు చూసింది. పిల్ల చెయ్యి పట్టుకుని కుళాయి కింద పెట్టి, తన చెంగుతో గట్టిగా, మళ్ళీ మళ్ళీ తుడిచింది. ఆ తర్వాత అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"నేనే పెట్టానమ్మాయ్" అంది. "నా చేత్తో నేనే చల్లి పెట్టా. ప్రతి ఆదివారం."

సుహాసిని మూటని మేకు మీంచి తీసింది. నలిపి చూసింది. వేళ్ళు తెల్లబడ్డాయి. ఆమె ఇప్పుడు ఏమంటుందో అని నేను బిగుసుకుపోయాను. ఆమె వచ్చి అత్తగారి పక్కనే నేల మీద చతికిలబడింది.

"నేను పక్కనే నిలబడి చూశా అత్తయ్యా. కళ్ళారా చూశా. తలూపా కూడా. ఆ రోజు ఇల్లంతా కడిగిందాన్ని, దీన్ని వదిలేసింది నేనే. పైపెచ్చు మిమ్మల్ని అంత మాటన్నా." మూటని దూరంగా నెట్టేసింది. "అనకూడని మాటది. మనసులో పెట్టుకోకండి."

"అడగటంలో తప్పు లేదులే. అడిగితేనే కదా బిడ్డ దక్కేది" అని ఎలీసమ్మ కోడలి తల తన భుజానికి ఆనించుకుంది. ఇద్దరూ ఏడ్చారు. జెమ్మీ పీట మీద నిలబడే, "అయితే ఇప్పుడు నా కేకు ఎవరూ తినరా?" అని అడిగింది. ఏడుస్తూనే ఇద్దరూ నవ్వేశారు.

ఆ కేకుని విల్సన్ ఆఫీసుకి పట్టుకెళ్ళాడు, కరెంటువాళ్ళు నిమిషంలో ఖాళీ చేశారట. పళ్ళెం కూడా వాళ్ళకే వదిలేసి వచ్చాడు. నన్ను ఆ మధ్యాహ్నమే మళ్ళీ తోమారు. ఈసారి ఇద్దరు కలిసి, ఒకరు లోపల, ఒకరు బయట. మేకు కూడా పీకి కడిగారు. ఎలీసమ్మ మిషను ముందు కూర్చుని నీలం గుడ్డతో కొత్త మూట కుట్టింది. తెల్లది వద్దు, మళ్ళీ పాతదనుకుంటాం అంది. అందులో ఇంట్లో కొట్టిన బియ్యప్పిండి పోసి, ఎండు మిరపకాయ వేసి, మూతి కట్టేముందు జెమ్మీని పిలిచింది. "నువ్వు చూడు. చూసి చెప్పు, ఇది ఏం పిండి?"

పిల్ల చిటికెడు నాలుక మీద వేసుకుంది. "బియ్యప్పిండి, నానమ్మా."

"అట్లా ప్రతిసారీ అడుగుతా. ప్రతిసారీ చెప్పాలి నువ్వు."

సాయంత్రం ప్రార్థన వేళకి రెండో కేకు దిగింది. కొవ్వొత్తులు దాని మీదే వెలిగించారు. సోమవారం వచ్చింది. పిల్ల బడికి వెళ్ళి వచ్చింది. మంగళవారం కూడా వెళ్ళి వచ్చింది. పాత సామాన్లవాడు వచ్చి తలుపు కొడితే, ఎలీసమ్మ చాలాసేపు వెతికి, చివరికి తుప్పు పట్టిన బకెట్టు ఒకటి ఇచ్చి పంపింది. ఆ బకెట్టుకి నేను రుణపడి ఉన్నాను.

ఇదంతా జరిగి నాలుగేళ్ళు దాటింది. నా లోపలి కాయిల్ ఈమధ్యే మార్చారు, ఒక చెవి ఊడితే విల్సన్ చెక్కముక్క బిగించాడు. రాగి, బియ్యం, జొన్న, సెనగపిండి, అన్నీ నా పొట్టలో కేకులవుతున్నాయి. శేషారత్నంగారు కూడా షుగరోళ్ళకి రాగికేకు మంచిదేగా అని పళ్ళెం పట్టుకుని వస్తోంది. కేకు పెట్టిన ప్రతిసారీ ఎలీసమ్మ ఆ నీలం మూట పిల్ల ముందు పెట్టి ఏం పిండి అని అడుగుతుంది, పిల్ల విసుక్కుంటూనే నాలుక చాపి చెబుతుంది. ఒక వేసవిలో ఎలీసమ్మ కిటికీ దగ్గర కూర్చుని, బ్లేడుతో మనవరాలి గౌను అంచు కుట్లు ఒక్కొక్కటిగా తెంపుతూ కనిపించింది. మొదటిసారి మడత విప్పింది. ఆ ఏడే ఇంకోసారి విప్పింది. ఆ తర్వాత విప్పడానికి మడత మిగల్లేదు, కొత్త గౌను కుట్టాల్సి వచ్చింది. ఆ గుడ్డ కొనడానికి వెళ్ళినప్పుడు ఆవిడ నడకలో ఉన్న హుషారు నేను వంటింట్లోంచే విన్నాను.

మొన్న ఆదివారం కేకు లోపల ఉండగా జెమ్మీ వచ్చింది. పీట ఈడ్చిన చప్పుడు వినిపించలేదు. నేరుగా నా మీదికి వంగింది. జుట్టు, నుదురు, కళ్ళు. నేను అక్కడితో సరి అనుకున్నాను. తర్వాత ముక్కు కనిపించింది. ఆ తర్వాత నోరు, గడ్డం. ఎనిమిదేళ్ళుగా పీట మీంచి నాకు కొంచెం కొంచెంగానే కనిపించిన ముఖం, పీట లేకుండానే మొదటిసారి మొత్తంగా చూశాను. నానమ్మ పోలికే.

ఎలీసమ్మ వెనక నిలబడి చూసింది. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయని గొణుక్కుంటూ ఆ చెక్కపీట తనవైపు లాక్కుని, దాని మీద కూర్చుంది. "లేచిందా?" అని కింద నుంచి అడిగింది.

"లేచింది, నానమ్మా" అంది జెమ్మీ.